బోర్లించిన బూట్లు

అన్నయ్య పోయి నాలుగో రోజు. త్రిపురసుందరికి ఇంకా ఏడుపు రాలేదు.

పళ్ల డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, ఆమెకు ఒళ్లంతా అలా ఉంది. కాఫీ తాగితే వేడి తెలియలేదు. వదిన భుజం మీద వాలి ఏడుస్తుంటే జాకెట్టు తడిసిందని తెలిసింది గాని, గుండెకేమీ తగల్లేదు. "రాయి" అన్నారు చుట్టాలు, వినబడేలాగే. మైలలో ఉండి ఊళ్లు పట్టుకు తిరగడమేమిటని కూడా అన్నారు. అననీ. రాయికి ఓ సుఖముంది, పని చేసుకోవచ్చు.

ఆ పనీ ఒకటే. సీఐ పైడిరాజు ఈ సాయంత్రం అన్నయ్య భావనారాయణ చావును ఆత్మహత్యగా తేల్చి ఎస్పీ ఆఫీసులో కాగితం ఇచ్చేస్తాడు. ఆ కాగితం పడితే అన్నయ్య మతి చెడి చచ్చిన మనిషి. మతి చెడినవాడు గీసిన మ్యాపుకు విలువేముంది? సోమవారం ఉప్పు మడుల ఆక్రమణ విచారణ కమిటీ ముందు పెట్టాల్సిన ఆయన సర్వే చిత్తుకాగితమైపోతుంది. రెండేళ్ల కష్టమూ, మనిషి పేరూ ఒక్క మాటతో మట్టిలో కలిసిపోతాయి. ముందు దాన్ని ఆపాలి. ఏడుపు సంగతి తర్వాత.

జిల్లా కేంద్రంలోని యూనివర్సిటీలో, అన్నయ్య మ్యాపులు గీసిన జియోఇన్ఫర్మాటిక్స్ ల్యాబు రెండో అంతస్తులో ఉంది. శనివారం కావడంతో మనుషులు లేరు. ఎదురు కుర్చీలో బిందు కూర్చుంది. భావనారాయణ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, నౌపడలో ఉప్పు మడులు లీజుకు తీసుకున్న షావుకారు నగరేశ్వరరావుకు ఒక్కగానొక్క కూతురు. భావనారాయణ చివరి సర్వే ఆ షావుకారు మడుల మీదే. పాత సర్వే పటం టోపోషీటునూ, ఉపగ్రహం తీసిన కొత్త బొమ్మనూ ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే, ఆ మడుల గట్టు ఏడాదికింత చొప్పున సముద్రపు పాయలోకి జరిగినట్టు తేలింది. జాలర్ల పడవలు వెళ్లే దారి సగానికి సగం ఉప్పు మడైపోయింది. ఆకాశంలోంచి కనబడిన దాన్ని నేల మీద కొలిచి రుజువు చెయ్యడానికే ఆయన మొన్న బుధవారం నౌపడ వెళ్లాడు. గురువారం పొద్దున శవమై దొరికాడు.

"మీ నాన్న మడులు కొలవడానికి నువ్వెందుకు వెళ్లావు?" అంది త్రిపురసుందరి.

"సార్ వద్దనే అన్నారు మేడమ్. నేనే వెళ్లాను. కొలత కొలతే కదా, ఎవరి మడైతే ఏటి?"

మాట బాగానే ఉంది. చెప్పిన గొంతులోనే ప్రాణం లేదు. ఈ పిల్ల కూడా నాలాగే ఉందే అనుకుంది త్రిపురసుందరి. కాని తనది దుఃఖం. ఈ పిల్లది దుఃఖమో, ఇంకేమిటో.

"బేస్ దగ్గర నువ్వే కదా కూర్చున్నది. ఎన్నింటికి కట్టేశావు?"

"మూడింటికి. తలనొప్పొచ్చి ఆటోలో ఇంటికెళ్లిపోయాను. సార్ ఒక్కరే ఉండి పని పూర్తి చేసుకుంటానన్నారు. పోలీసులకీ అదే చెప్పాను."

"అవును, అదే చెప్పావు. ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా."

బిందు తల దించుకుంది. పోలీసు ఉద్యోగంలో పదకొండేళ్లు ఎస్సైగా చేసి, పై వాళ్లతో పడక రాజీనామా పారేసి, విజయనగరంలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి త్రిపురసుందరి. నిజం చెప్పేవాళ్లు రెండోసారి చెప్పినప్పుడు ఏదో ఒకటి మరిచిపోతారు, ఏదో ఒకటి కలుపుతారు. వల్లించేవాళ్లే అక్షరం పొల్లుపోనివ్వరు.

పైగా బేస్ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. వెనకొకసారి శృంగవరపుకోట దగ్గర జీడితోటలు కొలుస్తూ, మనిషి దొరక్క అన్నయ్య చెల్లెల్నే కూర్చోబెట్టాడు. యంత్రాలు రెండు. ఒకటి రాయి మీద కదలకుండా ఉంటుంది, దాన్ని బేస్ అంటారు. రెండోది కర్రకు తగిలించుకుని పొలాల్లో తిరిగేది, అది రోవర్. ఆకాశంలోంచి వచ్చే సంకేతంలో ఎప్పుడూ కొంత తప్పుంటుంది. ఆ తప్పెంతో కదలని యంత్రం పట్టుకుంటే, తిరిగే యంత్రం లెక్కలోంచి దాన్ని తీసేస్తారు. రెండూ ఒకే సమయంలో నడవాలి, తర్వాత ఇంటికొచ్చి రెండింటినీ కలపాలి. ఆ రోజు ఎండకు తాళలేక ఆమె బేస్ కట్టేసి టీకొట్టుకు వెళ్లింది. ఎప్పుడూ గొంతెత్తని అన్నయ్య, బస్సు విజయనగరం చేరేదాకా ఆమెతో మాట్లాడలేదు.

"రోవర్ తిరిగి రాకుండా బేస్ కట్టేస్తే ఏమవుతుంది బిందూ?"

"ఆ తర్వాత కొలిచిందేదీ పనికిరాదు."

"మా అన్నయ్య మీకు నేర్పే మొదటి పాఠమదే కదూ? మరి ఆయన గట్టు మీద ఇంకా కొలుస్తూనే ఉంటే, నీ తలనొప్పి కోసం బేస్ కట్టేసుకుని వెళ్లమన్నాడా?"

బిందు చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"రోవర్ ఎక్కడుంది?"

"ఇక్కడే మేడమ్. యూనివర్సిటీ సామాను కదా, నిన్ననే పోలీసులు తెచ్చిచ్చేశారు. తెరమీద ఏమీ లేదన్నారట."

తెరమీద ఉండదు. బేస్‌తో కలిపేదాకా రోవర్ కడుపులో ఉన్నది ఎవరికీ అర్థం కాని అంకెలే. ఆ సంగతి ఖాకీ బుర్రలకు తట్టలేదన్నమాట.

"రెండూ కలిపి చూశావా?"

"లేదు."

"నిన్నటినుంచీ రెండూ నీ దగ్గరే ఉన్నాయి. ఆయన చివరి కొలతలవి."

"చూడలేదు మేడమ్," అంది బిందు. కళ్లు మాత్రం రోవర్ వైపు తిప్పలేదు.

"ఇప్పుడు చూడు. నేను సాయంత్రం వస్తాను."

ఇంకా గుచ్చి అడగొచ్చు. అడగలేదు. భయపడిన మనిషిని బతిమాలడం కంటే, పని అప్పజెప్పి ఒంటరిగా వదిలేస్తే మేలని ఆమె అనుభవం.

నౌపడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మడుల మీద తెల్లటి ఎండ. గట్టు మీద సీఐ పైడిరాజు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది ఎస్సైలైనవాళ్లు. ఆమె కూపీ లాగిన రెండు కేసుల్లో పేరు అతనికొచ్చింది, అతని నోటిదురుసుకు మాటలు ఆమె పడింది. ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషే గాని దొంగ కాడని ఆమె లెక్క.

"రా అమ్మా, రా. మీ అన్న సచ్చిపోయిన సోటు నానే దగ్గరుండి సూపిస్తాను. రేపు పైడిరాజు సరిగా సూడనేదు అనకుండా," అన్నాడు.

గుంట నిలువు లోతుంది. పాయ నీటిని మడుల్లోకి వదిలేముందు నిలవ ఉంచే గుంట. నీళ్లు చిక్కగా, ఆకుపచ్చగా ఉన్నాయి. త్రిపురసుందరి వాటి వంక చూసింది. అన్నయ్య ఇందులో రాత్రంతా ఉన్నాడు అని తనకు తనే చెప్పుకుంది. అయినా ఏమీ కదల్లేదు. అదే ఆమెకు భయంగా ఉంది, మళ్లీ ఎప్పటికీ ఏదీ కదలదేమోనని.

"బూట్లు ఇదిగో, ఇక్కడ ఇప్పీసి పెట్టాడు. మిషను బేగు పక్కన పెట్టాడు. గెంతీసాడు. తల రాయికి తగిలినాది. ఊపిరితిత్తుల్లో ఉప్పునీరుందని డాక్టరు రాసాడు. ఇంకేటి కావాలి నీకు?"

"ఫొటో చూపించండి."

పైడిరాజు ఫోను ఇచ్చాడు. అన్నయ్య గోధుమరంగు బూట్లు, గట్టు అంచున పక్కపక్కన, అడుగులు ఆకాశానికి తిరిగి ఉన్నాయి. రెండూ బోర్లా.

"ఫొటో తీసేముందు వీటిని ఎవరైనా ముట్టుకున్నారా?"

"నా సర్వీసులో అలాగవ్వదమ్మా. ఎలాగుంటే అలాగే తీయించాను. రాసుకో కావాలంటే."

త్రిపురసుందరి కాసేపు ఆ బొమ్మనే చూసింది. వాళ్లది గుడి అర్చకత్వం చేసిన వంశం. చెప్పు బోర్లా పడితే ఇంట్లో తగవు పుడుతుందని నాయనమ్మ పోరు. అన్నయ్య శకునాలను నమ్మేవాడు కాడు, గ్రహణం రోజు పకోడీలు వేయించుకు తిన్న ఘనుడు. కాని ఈ ఒక్క అలవాటు మాత్రం వదల్లేదు. పెళ్లివారి గుమ్మంలో వంద జతల మధ్య ఒక్క చెప్పు తిరగబడి ఉన్నా, ఆగి, కాలితో సరిచేసి గాని లోపలికి వెళ్లేవాడు కాడు. "సైన్సు మాస్టారివి, ఇదేం నమ్మకం?" అంటే, "నమ్మకం కాదే, దురద" అనేవాడు. అలాంటివాడు తన బూట్లు తన చేత్తో, అదీ రెండూ బోర్లించి పెట్టడం కల్ల.

ఆలోచనలో ఉండి ఆమె గట్టు దిగి పక్క మడిలో కాలు పెట్టబోయింది.

"ఓలమ్మో, సెప్పులు!" అని కేక వేసింది ఉప్పు పోగేస్తున్న దానమ్మ. "సెప్పుల్తోటి మడిలోకి దిగిపోతావేటి? ఉప్పు పాడైపోద్ది. ఇప్పీసి గట్టు మీద బోర్లించీ."

"బోర్లించడమెందుకు?"

"ఉప్పుగాలి కదమ్మా. ఎల్లకిలా ఒదిలేస్తే లోపలికి సెమ్మ దిగిపోతాది. సాయంత్రం తొడుక్కుంటే కాళ్లు కొరికేస్తాది. ఈ మడుల్లో పుట్టినోలు ఎవులైనా ఇలాగే పెడతారు."

త్రిపురసుందరి గట్టు పొడుగునా చూసింది. కూలీల చెప్పులన్నీ వరసగా బోర్లా ఉన్నాయి. ఇంతసేపూ కళ్లెదురుగానే ఉన్నా కనబడలేదు. ఆమె గట్టెక్కి పైడిరాజు ఎదురుగా నిలబడింది.

"ఆ బూట్లు మా అన్నయ్య విప్పుకోలేదు. ఎవరో విప్పి పెట్టారు. అది కూడా ఈ మడుల్లో పుట్టిపెరిగినవాడు. చంపి, గుంటలో పడేసి, ఆత్మహత్యలా కనబడాలని బూట్లు గట్టు మీద పెట్టాడు. పెట్టేటప్పుడు చెయ్యి తన అలవాటు ప్రకారం పోయింది."

పైడిరాజు పకపకా నవ్వాడు.

"సెప్పు బోర్లా ఉన్నాదని మర్డరు కేసు కట్టమంతావేటి? జడ్జీగారు అడిగితే మీ నాయనమ్మని సాక్ష్యానికి తెస్తావా?"

"నవ్వండి. రిపోర్టు మాత్రం ఆపండి."

"ఈ మడుల్లో పుట్టినోడా! నానూ ఇక్కడ పుట్టినోడినే. మా యమ్మ, ఇదిగో ఈ దానమ్మతోటే ఉప్పు మోసినాది. ఐతే నన్నూ లోపలేసీ!" అని రెండు చేతులూ ముందుకు చాచాడు. కూలీలు కూడా నవ్వారు.

"షావుకారు నగరేశ్వరరావు కూడా ఇక్కడ పుట్టినవాడే," అంది ఆమె.

నవ్వు ఆగింది. "అదీ సంగతి. నీ కన్ను షావుకారి మీదున్నాదని నాకు తెలుసు. ఒకమాట సెప్తాను, ఇను. మీ అన్న కేసు నువ్వే సూసుకుంతే బుర్ర పనిసెయ్యదు. కడుపు మంట పనిసేస్తాది."

"కడుపు మంటా?" అంది త్రిపురసుందరి. "అదైనా ఉంటే బాగుండేది పైడిరాజుగారూ."

ఆ మాటకు అతను ఒక్క క్షణం తికమకపడ్డాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"సాయంత్రం ఎస్పీ ఆఫీసుకెళ్తన్నాను. ఈలోగా సెప్పులు కాకుండా గట్టి సాక్ష్యం ఏటైనా దొరికితే ఫోన్ చెయ్. ఆపుతాను. నానేమీ రాక్షసుణ్ణి కాదు."

ఆమె ల్యాబుకు తిరిగొచ్చేసరికి బిందు కంప్యూటర్ ముందే కూర్చుని ఉంది. రెండు యంత్రాలకూ తీగలు తగిలించి ఉన్నాయి. అంకెలన్నీ ఎక్కించింది. ఆఖరి మీట మాత్రం నొక్కలేదు.

"పొద్దుట్నుంచీ ఇలాగే కూర్చున్నావా?"

"కలిపితే తెలిసిపోతాది మేడమ్," అంది బిందు. "కలపకపోతే సార్ ఆస్పత్రికే వెళ్లారని ఇంకా అనుకోవచ్చు."

త్రిపురసుందరి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏ ఆస్పత్రి?"

"నేను నోటితో చెప్పలేను. మీరే నొక్కండి. చూపిస్తాను."

ఆమె నొక్కింది. కాసేపటికి తెరమీద నౌపడ ఉపగ్రహ చిత్రం పరుచుకుంది, తెల్లటి గళ్ల దుప్పటిలా మడులు, పక్కన పాయ. దాని మీద రెండు గీతలు వచ్చాయి. ఎర్రది రోవర్‌ది. నీలంది బేస్‌ది.

నీలం గీత ఉండకూడదు. కదలని యంత్రానికి చుక్క ఉండాలి గాని గీతెక్కడిది?

"బేస్ కదిలింది," అంది త్రిపురసుందరి.

"కదిలింది. ఆపకుండానే తీసుకుపోయాను. ఆ గాభరాలో కట్టెయ్యడం కూడా తోచలేదు." బిందు వేలు ఎర్ర గీత మీద పెట్టింది. "సార్ ఇలా పాయ గట్టు మీద నడుచుకుంటూ వచ్చారు. ఇక్కడ ఎత్తు చూడండి. రోవర్ కర్ర మీద ఉంటాది, రెండు మీటర్లు. ఉప్పు మడుల్లో నేలంతా ఒకే మట్టం, ఎత్తు మారదు. ఈ తూము దగ్గర ఒక్కసారిగా నేలకి పడిపోయింది. నలుగురు మనుషులొచ్చి కొలవద్దన్నారు. తోశారు. సార్ తూము రాళ్ల మీద పడ్డారు. నేను దూరం నుంచి చూశాను."

"పడి?"

"వాళ్లు పారిపోయారు. నేను పరిగెత్తి నాన్నకి ఫోన్ చేశాను. నీ మనుషులే కొట్టారు, సార్ తల పగిలింది, బండి కావాలి అన్నాను. పంపిస్తానన్నారు. వెంటనే వచ్చింది. సార్‌నీ, రోవర్‌నీ లేపి ఎక్కించాం. ఇదిగో, ఇక్కడ ఎత్తు మళ్లీ పెరిగింది. మధ్యలో ఆపి బేస్ కూడా ఎక్కించాను."

అక్కడినుంచి రెండు గీతలూ ఒకదాని పక్కన ఒకటి, రోడ్డు వెంట వెళ్లాయి.

"మా అన్నయ్యకి తెలివి ఉందా?"

"ఉంది. నా ఒళ్లో తల పెట్టుకున్నారు. 'మా చెల్లికి ఫోన్ చెయ్యమ్మా' అన్నారు. రెండుసార్లు అన్నారు. నా ఫోన్ అప్పటికే తీసేసుకున్నారు మేడమ్."

త్రిపురసుందరి లోపల ఎక్కడో ఆ మాట చాలా లోతున పడ్డట్టుంది, చప్పుడు ఇంకా పైకి రాలేదు.

"నౌపడ జంక్షన్‌లో నన్ను దింపేశారు. ఆడపిల్లవి, కేసులో ఇరుక్కుంటావు, ఇంటికి పో, టెక్కలి ఆస్పత్రికి మేం తీసుకెళ్తాం అన్నారు. వినేశాను." బిందు తెర వంక చూడడం మానేసింది. "పొద్దున శవం దొరికాక, ఇదిగో ఇలా చెప్పాలి అని నేర్పించారు. మూడింటికి, తలనొప్పి, ఆటో. లేకపోతే ఆఖరున సార్‌తో ఉన్నది నువ్వే, మొదటి ముద్దాయి నువ్వే అన్నారు."

నీలం గీత జంక్షన్ దగ్గర విడిపోయి బిందు ఇంటికి వెళ్లి ఆగింది. ఎర్ర గీత టెక్కలి రోడ్డెక్కలేదు. వెనక్కి తిరిగింది. మడుల మధ్య బండిదారి వెంట నెమ్మదిగా వచ్చి, ఆకుపచ్చ గుంట పక్కన నిలిచింది. బేస్ అప్పటికింకా బిందు ఇంటి అరుగు మీద, సంచిలో నడుస్తూనే ఉండడం వల్ల ఆ ఆఖరి ముక్క కూడా తెలిసింది.

బతికున్న మనిషిని తెచ్చి పడేశారు. ఊపిరితిత్తుల్లో ఉప్పునీరు ఎలా వచ్చిందో ఇప్పుడు తెలిసింది. చెల్లికి ఫోన్ చెయ్యమన్న మనిషి నోట్లోకి వచ్చిన ఉప్పునీరది.

త్రిపురసుందరి గడియారం చూసి లేచింది. నగరేశ్వరరావు బండి, నగరేశ్వరరావు మనుషులు. చాలు. ల్యాబులో సిగ్నల్ అందక వరండా చివరికి వెళ్లి పైడిరాజుకు ఫోన్ చేసింది.

"కాగితం ఇచ్చేశారా?"

"ఇంకా నేదు. ఆఫీసు బయటే ఉన్నాను. ఏటి సంగతి?"

"ఇవ్వకండి. గట్టి సాక్ష్యం అడిగారుగా, దొరికింది. మీరు తిరిగిచ్చిన రోవర్‌లోనే ఉంది. బండి ఏ దారిన వెళ్లిందో, ఎక్కడ ఆగిందో గజం తేడా లేకుండా ఉంది. యూనివర్సిటీ ల్యాబుకు రండి."

అవతల జీపు తలుపు వేసిన చప్పుడైంది.

"ఎవులెవులున్నారక్కడ?"

"నేనూ, బిందూ. ఆ పిల్ల అంతా చెప్పేసింది."

"మంచిపని సేసావు. ఇంకెవులికీ ఫోన్ సెయ్యొద్దు, సాక్ష్యం పాడైపోద్ది. పది నిమిషాల్లో ఒచ్చెస్తన్నాను."

నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆమెకు కాళ్ల కింద నేల తగిలినట్టనిపించింది. అన్నయ్య పేరు నిలబడింది. మ్యాపు నిలబడింది. ల్యాబులోకి వచ్చి బిందు భుజం మీద చెయ్యి వేసింది.

"ఇక భయపడకు. సీఐతో మాట్లాడాను. వస్తున్నాడు. మీ నాన్న మనుషులు ఇక నిన్నేమీ చెయ్యలేరు."

బిందు కుర్చీలోంచి లేచింది. ఆ లేవడానికి కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఎవరితో?"

"పైడిరాజుతో. ఏం?"

"నాన్న బండి అని ఎవరు చెప్పారు మేడమ్? నాన్న ఫోన్ చేసింది ఆయనకే. వచ్చింది పోలీసు జీపు. నడిపింది ఆయనే, నన్ను జంక్షన్‌లో దింపిందీ ఆయనే." ఆ పిల్ల పెదవులు తెల్లబడిపోయాయి. "పోలీసు జీపు కదా, తొందరగా వెళ్తాదని నా చేతుల్తో నేనే సార్‌ని ఎక్కించాను."

త్రిపురసుందరి తలుపు మూసి గడియ పెట్టింది. ఫోను తీసి చూసింది, సిగ్నల్ లేదు. ఎవరి బండి అని ఒక్క మాట అడగలేదు. ఎస్సైగా మొదటి రోజు నేర్చుకున్న ప్రశ్న. ఎవరెవరున్నారని అతను అడిగితే ఈ పిల్ల పేరు కూడా తనే అందించింది. అన్నయ్య మాట అప్పుడు వచ్చి తగిలింది గుండెకు, రెండుసార్లు. మా చెల్లికి ఫోన్ చెయ్యమ్మా. కళ్లు నిండి తెరమీది గీతలు అలుక్కుపోయాయి. ఏడవడానికి ఇదా సమయం అని తనను తనే తిట్టుకుంటూ, తడుముకుంటూ రోవర్ తీగ పీకి యంత్రాన్ని బిందు చేతిలో పెట్టింది.

"వెనక మెట్లున్నాయా?"

"లేవు మేడమ్. ఇదొక్కటే దారి."

కింద జీపు ఆగింది. పది నిమిషాలన్నవాడు నాలుగు నిమిషాలకే వచ్చాడు.